కంటిలోపలి స్టెరాయిడ్ చికిత్స: దుష్ఫలితాలు, కర్నూలు–కడప ప్రాంతంలో జాగ్రత్తలు

కంటి వెనుక భాగంలో వచ్చే వాపును, మంటను తగ్గించడానికి స్టెరాయిడ్ మందును సూది ద్వారా గానీ, సన్నటి పుల్లలాంటి ఇంప్లాంటు రూపంలో గానీ నేరుగా కనుగుడ్డులోకి పంపడాన్ని కంటిలోపలి స్టెరాయిడ్ చికిత్స అంటారు. షుగరు జబ్బు వల్ల రెటీనాకు నీరు పట్టినప్పుడు, రెటీనా సిరలు మూసుకుపోయినప్పుడు, యువైటిస్ అనే లోపలి మంట వచ్చినప్పుడు ఈ చికిత్స ఎందరికో చూపు నిలబెడుతోంది. దీనికి ముఖ్యమైన దుష్ఫలితాలు మూడు: కంటిలో ఒత్తిడి పెరగడం, శుక్లం రావడం, అరుదుగా కంటి లోపల చీము పట్టడం. వీటిలో శుక్లాన్ని ఆపరేషన్‌తో తీసేయవచ్చు. చీము పడితే కన్ను ఎర్రబడి, చూపు పడిపోయి, రోగి తనంతట తానే ఆసుపత్రికి పరుగెత్తుతాడు. ఒత్తిడి అలా కాదు. నొప్పి లేకుండా, చూపులో తేడా తెలియకుండా వారాల తరబడి పెరిగి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. అలా పోయిన చూపు మళ్లీ రాదు. అందుకే సూది వేయించుకోవడం ఈ చికిత్సలో సగమే. ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఒత్తిడి కొలిపించుకోవడం మిగతా సగం. ఆసుపత్రులు దూరంగా ఉండి, జనం పనుల కోసం వలసపోయే కర్నూలు, కడప ప్రాంతంలో ఆ రెండో సగమే తరచూ తప్పిపోయే ప్రమాదం ఉంది.

చరిత్ర

అమెరికాలోని మేయో క్లినిక్‌లో 1948లో కీళ్లవాతంతో బాధపడుతున్న రోగికి తొలిసారి కార్టిసోన్ ఇచ్చారు. ఆ పనికి ఫిలిప్ హెంచ్, ఎడ్వర్డ్ కెండాల్, టడేయస్ రైక్‌స్టైన్‌లకు 1950లో నోబెల్ బహుమతి దక్కింది. కంటి వైద్యులు ఆ మందును వెంటనే అందిపుచ్చుకున్నారు. దాని చెడుగుణాలు బయటపడటానికీ ఎక్కువ కాలం పట్టలేదు. చుక్కల మందుగా వాడిన కార్టిసోన్ కంటి ఒత్తిడిని పెంచుతుందని బెల్జియం వైద్యుడు జూల్ ఫ్రాంస్వా 1954లో చూపించాడు. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగిన కీళ్లవాత రోగుల్లో కటకం వెనుక పొర దగ్గర ప్రత్యేకమైన శుక్లం వస్తోందని 1960లో వెల్లడైంది. 1960లలో మన్సూర్ అర్మలీ, బెర్నార్డ్ బెకర్ విడివిడిగా జరిపిన పరిశీలనల్లో స్టెరాయిడ్ చుక్కలకు అందరి కళ్లూ ఒకేలా స్పందించవని తేలింది. కొన్ని వారాలు చుక్కలు వేస్తే నూటికి అయిదుగురికి అటూఇటూగా ఒత్తిడి బాగా పెరిగింది, సుమారు మూడోవంతు మందికి ఓ మోస్తరుగా పెరిగింది, మిగిలినవారికి పెద్దగా మార్పు రాలేదు.

మందును కంటి లోపలికే పంపాలన్న ఆలోచనకు 1970ల చివర రాబర్ట్ మాకమర్ బృందం బాట వేసింది. రెటీనా శస్త్రచికిత్స తర్వాత లోపల పొరలు పెరగకుండా స్టెరాయిడ్ ఆపగలదా అని వారు పరిశీలించారు. 2000 తర్వాత ట్రయామ్సినోలోన్ సూదులు ప్రపంచమంతటా వ్యాపించాయి. కీళ్లలోకి, కండరాల్లోకి వేయడానికి తయారైన మందునే అప్పట్లో కంటిలోకీ వాడారు. తర్వాత కంటి కోసమే ప్రిజర్వేటివ్ లేకుండా తయారైన రకాలు వచ్చాయి. మన దేశంలో మదురైలోని ఆరోలాబ్ తయారుచేసే ఆరోకార్ట్ అలాంటిదే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో ఫ్లూసినోలోన్ ఇంప్లాంటు రెటిసెర్ట్‌కు, 2009లో డెక్సామెథాసోన్ ఇంప్లాంటు ఓజుర్డెక్స్‌కు, 2014లో మరో ఫ్లూసినోలోన్ ఇంప్లాంటు ఇలువియెన్‌కు అనుమతి ఇచ్చింది. మన ప్రాంతంలో రోగులకు ఎదురయ్యేవి ముఖ్యంగా రెండు: ట్రయామ్సినోలోన్ సూది, డెక్సామెథాసోన్ ఇంప్లాంటు. మొదటిది చవక. రెండోదాని ఖరీదు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ.

మందు ఎలా వేస్తారు

రోగిని ఆపరేషన్ గదిలో పడుకోబెట్టి, మత్తు చుక్కలు వేసి, రెప్పలనూ కంటినీ పోవిడోన్ అయోడిన్‌తో శుభ్రం చేస్తారు. కంటి ఉపరితలానికి 5 శాతం ద్రావణం వాడతారు. రెప్పలు మూసుకోకుండా క్లిప్పు పెడతారు. నల్లగుడ్డు అంచు నుంచి 3.5 నుంచి 4 మిల్లీమీటర్ల దూరం కొలిచి, తెల్లగుడ్డులో ఆ చోట సూది గుచ్చుతారు. అంతకన్నా ముందుకు జరిగితే కటకానికి, వెనక్కి జరిగితే రెటీనాకు సూది తగిలే ప్రమాదం ఉంది. ట్రయామ్సినోలోన్ అయితే సాధారణంగా 0.1 మిల్లీలీటరులో 4 మిల్లీగ్రాముల మందు వేస్తారు. అది పాలలా తెల్లగా కనిపించే సన్నటి స్ఫటికాల మిశ్రమం. వేసిన తర్వాత కొన్ని రోజులపాటు కళ్ల ముందు పొగలా, నలకల్లా కదలడం మామూలే.

డెక్సామెథాసోన్ ఇంప్లాంటు సుమారు 6 మిల్లీమీటర్ల పొడవు, అర మిల్లీమీటరు కూడా లేని మందంతో ఉండే పుల్ల. అందులో 0.7 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ప్రత్యేకమైన పరికరం మీట నొక్కితే అది కంటిలోకి జారుతుంది. పుల్లలోని పాలిమర్ నెలల మీద కరిగిపోతుంది. దాన్ని తిరిగి తీయాల్సిన పని లేదు. మందు ప్రభావం మొదటి రెండు నెలల్లో ఎక్కువగా ఉండి, సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల్లో తగ్గిపోతుంది. ఇలువియెన్‌లో మందు తక్కువ మోతాదులో మూడేళ్ల దాకా ఊరుతూ ఉంటుంది. రెటిసెర్ట్‌ను ఆపరేషన్ చేసి కంటి గోడకు కుట్టాలి. అది సుమారు రెండున్నర ఏళ్లు పనిచేస్తుంది.

కంటిలో ఒత్తిడి పెరగడం

కన్ను తన ఆకారం నిలుపుకోవడానికి లోపల నిరంతరం ఒక పలుచని ద్రవం ఊరుతుంటుంది. నల్లగుడ్డుకూ కనుపాపకూ మధ్య మూలలో ఉండే జల్లెడలాంటి కణజాలం గుండా అది బయటికి పోతుంది. స్టెరాయిడ్ చేరినప్పుడు ఆ జల్లెడ కణాల మధ్య ఫైబ్రోనెక్టిన్ వంటి పదార్థాలు పేరుకుంటాయి. కణాల లోపలి దారాలు బిగుసుకుంటాయి. చెత్తను మింగి శుభ్రం చేసుకునే వాటి శక్తి తగ్గుతుంది. కర్నూలు–కడప (కె.సి.) కాలువ తూములో పూడిక చేరితే పైన నీరు నిలిచినట్టు, కంటిలోనూ ద్రవం నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. మామూలు ఒత్తిడి పాదరస కొలతలో 10 నుంచి 21 మిల్లీమీటర్లు. అది 30, 40 దాకా పోయి అక్కడే నిలిస్తే కంటి నరం తంతువులు ఎండిపోవడం మొదలవుతుంది. చుట్టుపక్కల చూపు ముందు పోతుంది. నడిమి చూపు చివరిదాకా బాగానే ఉండటంతో రోగికి అనుమానం రాదు.

మందును బట్టి ఈ ప్రమాదం మారుతుంది. షుగరు వాపుపై అమెరికాలో 693 మంది రోగుల 840 కళ్లలో జరిగిన పరిశోధన ఫలితాలు 2008లో వెలువడ్డాయి. రెండేళ్లలో ఒత్తిడి 10 మిల్లీమీటర్లు గానీ అంతకుపైగా గానీ పెరిగిన కళ్లు స్టెరాయిడ్‌కు బదులు లేజర్ చేసినవాటిలో 4 శాతమే. 1 మిల్లీగ్రాము ట్రయామ్సినోలోన్ వేసినవాటిలో అవి 16 శాతం, 4 మిల్లీగ్రాములు వేసినవాటిలో 33 శాతం. తొలి నాలుగు నెలల్లో పెద్ద మోతాదు స్టెరాయిడ్ వేసిన కళ్లు బాగా చూశాయి. రెండేళ్లు గడిచేసరికి లేజర్ చేసిన కళ్లే సగటున మెరుగ్గా ఉన్నాయి. మొదట్లో కనిపించే మెరుగును చూసి స్టెరాయిడ్ విలువను తేల్చకూడదని ఈ పరిశోధన గట్టిగా నేర్పింది.

డెక్సామెథాసోన్ ఇంప్లాంటుపై 1,048 మందితో మూడేళ్లు సాగిన మీడ్ పరిశోధనలో, ఇంప్లాంటు వేసినవారిలో దాదాపు 42 శాతానికి ఒత్తిడి తగ్గించే మందులు అవసరమయ్యాయి. ఒత్తిడి కోసం కత్తిపెట్టి ఆపరేషన్ చేయాల్సి వచ్చినవారు నూటికి ఒకరు కూడా లేరు. ఇలువియెన్ విషయంలో ఆ సంఖ్య మూడేళ్లలో సుమారు 5 శాతం. రెటిసెర్ట్ వేసిన కళ్లలో మూడోవంతుకు పైగా మూడేళ్లలో ఆ ఆపరేషన్ అవసరమైంది. మందు కంటిలో ఎంత ఎక్కువ మోతాదులో, ఎంత ఎక్కువ కాలం ఉంటే ఒత్తిడి ముప్పు అంత పెద్దది.

ఒత్తిడి పెరిగే వేళ కూడా చాలావరకు తెలిసినదే. డెక్సామెథాసోన్ ఇంప్లాంటు వేసిన ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య అది శిఖరానికి చేరి, ఆరు నెలలకు సాధారణంగా పాత స్థాయికి దిగుతుంది. ట్రయామ్సినోలోన్‌తో రెండు నుంచి నాలుగు వారాల్లో మొదలై కొందరిలో ఆరేడు నెలల దాకా సాగుతుంది. ఇంట్లో గ్లాకోమా ఉన్నవారు, ఇప్పటికే గ్లాకోమా ఉన్నవారు, బాగా ఎక్కువ మైనస్ పవరు ఉన్నవారు, పిల్లలు, అంతకుముందు స్టెరాయిడ్ చుక్కలతో ఒత్తిడి పెరిగినవారు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. కంటి నరం దెబ్బతినే ఈ గ్లాకోమా జబ్బును మన ఊళ్లలో నీటికాసులు అంటారు. ఇంట్లో పెద్దవాళ్లకు నీటికాసుల ఆపరేషన్ అయిందని రోగి చెబితే, సూది వేసే ముందు ఆ ఒక్క మాటకే వైద్యుడు ఎంతో విలువ ఇస్తాడు.

పెరిగిన ఒత్తిడిని ఎక్కువమందిలో చుక్కల మందులే అదుపుచేస్తాయి. టిమొలాల్, బ్రిమోనిడిన్, డోర్జోలమైడ్ తరచూ వాడేవి. ఉబ్బసం, గుండె వేగం తక్కువగా ఉండటం వంటి ఇబ్బందులుంటే టిమొలాల్ వాడకూడదు. ఆ సంగతి రోగే ముందుగా చెప్పాలి. చాలకపోతే అసిటజోలమైడ్ మాత్రలు, లేజర్, చివరికి ట్రాబెక్యులెక్టమీ ఆపరేషన్ ఉన్నాయి. లోపల మిగిలిన ట్రయామ్సినోలోన్ స్ఫటికాలను విట్రెక్టమీ (కంటి లోపలి జెల్లీని తీసే ఆపరేషన్) చేసి తీసేయడం కూడా కొన్నిసార్లు అవసరమవుతుంది. ఈ మెట్లన్నీ సమయానికి ఎక్కితే చూపు దక్కుతుంది.

శుక్లం

సొంత కటకం ఉన్న కంట్లో పదేపదే స్టెరాయిడ్ వేస్తే శుక్లం దాదాపు ఖాయం. ఈ శుక్లం కటకం వెనుక పొరను ఆనుకుని, చూపు దారికి సరిగ్గా మధ్యలో వస్తుంది. అందుకే చిన్నదైనా బాధ పెద్దది: మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఎదురుగా వచ్చే లారీ లైట్లలో కళ్లు బైర్లు కమ్ముతాయి. దగ్గరి చూపు ముందుగా తగ్గుతుంది. 2008 పరిశోధనలో రెండేళ్లలో శుక్లం ఆపరేషన్ జరిగిన కళ్లు లేజర్ జట్టులో 13 శాతం. 1 మిల్లీగ్రాము స్టెరాయిడ్ జట్టులో 23, 4 మిల్లీగ్రాముల జట్టులో 51 శాతం. మీడ్ పరిశోధనలో ఇంప్లాంటు వేసిన కళ్లలో మూడింట రెండొంతులకు శుక్లం కనిపించింది. ఇలువియెన్‌లో శుక్లం ఆపరేషన్ అవసరమైనవి సుమారు 80 శాతం.

శుక్లం ఆపరేషన్ కర్నూలు, కడపల్లో దొరికేదే. అయినా ఇక్కడ ఓ చిక్కుంది. చూపు మళ్లీ మసకబారితే రోగి దాన్ని శుక్లం అనుకుంటాడు. నిజానికి అది పాత వాపు తిరగబెట్టడం కావచ్చు, ఒత్తిడితో నరం దెబ్బతినడం కావచ్చు. మసకకు అసలు కారణం తేల్చకుండా శుక్లం శిబిరంలో ఆపరేషన్ చేయించుకున్నా చూపు రాకపోవచ్చు. స్టెరాయిడ్ సూది వేయించుకున్న ప్రతి రోగీ ఆ సంగతి శుక్లం వైద్యుడికి చెప్పితీరాలి. ఇప్పటికే శుక్లం తీసి కృత్రిమ కటకం పెట్టిన కంట్లో ఈ బాధ ఉండదు. అందుకే అలాంటి కళ్లకు స్టెరాయిడ్‌ను ఎంచుకోవడానికి వైద్యులు కాస్త ఎక్కువ మొగ్గుతారు.

లోపల చీము పట్టడం, దాన్ని పోలినవి

కంటి లోపలికి ఏ సూది వేసినా సూక్ష్మజీవులు వెంట వెళ్లే అవకాశం కొంచెం ఉంటుంది. అలా వచ్చే చీమును ఎండాఫ్తాల్మైటిస్ అంటారు. 2003లో వెలువడిన ఒక బహుళ కేంద్రాల నివేదికలో 922 ట్రయామ్సినోలోన్ సూదులకు 8 కళ్లలో ఇది కనిపించింది. శుభ్రత పద్ధతులు మెరుగుపడ్డాక ఇది చాలా తగ్గింది. అయినా వచ్చిందంటే గంటల లెక్కన చికిత్స మొదలుపెట్టాలి. కంటిలోంచి నమూనా తీసి, యాంటీబయాటిక్ సూదులు లోపలికే వేస్తారు. అవసరమైతే విట్రెక్టమీ చేస్తారు. సాధారణంగా ఇది సూది వేసిన వారంలోపు బయటపడుతుంది. చూపు వేగంగా తగ్గడం, కన్ను ఎర్రబడటం, వెలుతురు చూడలేకపోవడం, నొప్పి దీని గుర్తులు. స్టెరాయిడ్ నొప్పిని అణచివేస్తుంది కాబట్టి నొప్పి తక్కువగా ఉందని ధైర్యపడి ఆగిపోవడం చాలా ప్రమాదం.

చీమును పోలినవి రెండున్నాయి. కటకం తీసేసిన కళ్లలో, వెనుక పొర చిరిగిన కళ్లలో ట్రయామ్సినోలోన్ స్ఫటికాలు ముందు గదిలోకి జారి, నల్లగుడ్డు వెనుక అడుగున తెల్లటి గీతలా పేరుకుంటాయి. అది చీము కాదు, మందే. సూక్ష్మదర్శినిలో మెరిసే గింజలు కనిపిస్తాయి, తల కదిపితే అవీ కదులుతాయి. మందులో కలిపిన ప్రిజర్వేటివ్ వల్ల సూక్ష్మజీవి లేకుండానే మంట పుట్టడం రెండోది. వీటిని అసలు చీము నుంచి విడదీయడం అనుభవజ్ఞుడైన రెటీనా వైద్యుడు చేయాల్సిన పని. సందేహం ఉన్నంతవరకు చీముగానే భావించి చూడాలి.

స్టెరాయిడ్ మంటను అణచడంతోపాటు ఆ చోట రోగనిరోధక శక్తినీ అణచివేస్తుంది. యువైటిస్ వెనుక క్షయ ఉంటే, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉంటే, హెర్పిస్ జాతి వైరస్ ఉంటే, వాటికి తగిన మందులు మొదలుపెట్టకుండా కంటిలో స్టెరాయిడ్ వేయడం నిప్పును దాచి పెంచడమే. సైటోమెగలో వైరస్ రెటీనాను తినేసిన సందర్భాలు ట్రయామ్సినోలోన్ సూది తర్వాత కొన్ని నమోదయ్యాయి. క్షయ ఇప్పటికీ గట్టిగా ఉన్న మన దేశంలో, యువైటిస్ రోగికి ఛాతీ ఎక్స్‌రే, మాంటూ పరీక్ష, రక్తపరీక్షలు చేయించకుండా సూది జోలికి పోకూడదు. పరీక్షలు రాశారని విసుక్కోకుండా చేయించుకోవడం రోగికే మేలు.

ఇంప్లాంటు జారడం, ఇతర దుష్ఫలితాలు

డెక్సామెథాసోన్ పుల్ల ఉండాల్సిన చోటు కంటి వెనుక గది. కటకం లేకుండా, లేదా కటకం వెనుక పొర చిరిగి, విట్రెక్టమీ కూడా జరిగిన కంట్లో ఆ పుల్ల ముందు గదిలోకి జారవచ్చు. అక్కడ అది నల్లగుడ్డు లోపలి పొరకు తగిలితే, ఆ పొర కణాలు చచ్చిపోయి నల్లగుడ్డు ఉబ్బి తెల్లబారుతుంది. చచ్చిన ఆ కణాలు మళ్లీ పుట్టవు. ఆలస్యమైతే నల్లగుడ్డు (కార్నియా) మార్పిడే దారి. అందుకే వెనుక పొర చిరిగిన కళ్లలో ఈ ఇంప్లాంటు వేయకూడదని తయారీదారులే హెచ్చరిస్తున్నారు. మొరటుగా జరిగిన పాత శుక్లం ఆపరేషన్ల వివరాలు లేకుండా వచ్చే రోగుల్లో ఈ పరిశీలన మరీ ముఖ్యం. పుల్ల ముందుకు వచ్చిందని తెలిస్తే రోగిని వెల్లకిలా పడుకోబెట్టి వెనక్కి పంపే ప్రయత్నం చేస్తారు. కుదరకపోతే వెంటనే తీసేస్తారు.

సూది గుచ్చిన చోట తెల్లగుడ్డులో ఎర్రటి రక్తపు మచ్చ రావడం తరచూ చూసేదే; రెండు వారాల్లో తనంతట పోతుంది. లోపల రక్తస్రావం, రెటీనా చిరగడం, రెటీనా ఊడిపోవడం, పుల్ల పొరపాటున కటకంలో గుచ్చుకోవడం అరుదు. కళ్ల ముందు మెరుపులు, ఒక్కసారిగా నల్లటి చుక్కలు, ఓ పక్క తెరపడినట్టు చీకటి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. సెంట్రల్ సీరస్ అనే రెటీనా జబ్బు ఉన్నవారికి స్టెరాయిడ్ ఏ రూపంలో ఇచ్చినా అది ముదురుతుంది. కంటిలోకి వేసే మోతాదు చాలా చిన్నది కాబట్టి షుగరు స్థాయిలో పెద్ద మార్పు సాధారణంగా రాదు.

కర్నూలు, కడప పరిస్థితి

కర్నూలులో వైద్య కళాశాలకు అనుబంధంగా ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. కర్నూలు, నంద్యాల జిల్లాలతోపాటు తుంగభద్ర అవతలి పల్లెల వారూ దానికి వస్తారు. కడపలో 2006లో మొదలైన రిమ్స్ ప్రభుత్వ వైద్యానికి పెద్ద దిక్కు. పుష్పగిరి కంటి ఆసుపత్రి కూడా అక్కడే ఉంది. రెటీనా జబ్బు ముదిరితే కర్నూలు వాళ్లు సుమారు 210 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు, ఎక్కువగా 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు గానీ సరోజినీదేవి కంటి ఆసుపత్రికి గానీ వెళతారు. కడప వాళ్లకు సుమారు 140 కిలోమీటర్ల దూరంలోని తిరుపతి, ఆ తర్వాత చెన్నై, బెంగళూరు అందుబాటు. సూది వేయడానికి ఒక్కసారి ఆ దూరం పోవడం కష్టమే అయినా జనం అప్పు చేసైనా పోతున్నారు. నెలకోసారి ఒత్తిడి చూపించుకోవడానికి మళ్లీ మళ్లీ పోవడం అసలు ఇబ్బంది.

రెటీనా వాపుకు ఇప్పుడు మొదట వాడేది స్టెరాయిడ్ కాదు. బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబర్సెప్ట్ వంటి సూదులతో మొదలుపెడతారు. అవి ఒత్తిడిని, శుక్లాన్ని ఇలా పెంచవు. వాటిని మొదట్లో దాదాపు నెలనెలా వేయాలి. నెలనెలా రాలేని రోగికి నాలుగు నెలలు పనిచేసే స్టెరాయిడ్ ఇంప్లాంటు మేలని వైద్యుడు తలపోయడం సహజం. ఈమధ్యనే గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చినవారికీ, తొలిరకం సూదులకు లొంగని వాపుకూ స్టెరాయిడే మంచి దారి. ఇక్కడే ముడి పడుతుంది. దూరం వల్ల తక్కువసార్లు రావచ్చని ఎంచుకున్న మందే, ఒత్తిడి చూపించుకోవడానికి తప్పనిసరిగా రమ్మంటుంది. ఆలూరు, కోసిగి, కౌతాళం, పత్తికొండ వైపు కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు వైపు, భవన నిర్మాణ పనులకు బెంగళూరు పోతాయి. కడప, రాజంపేట, రాయచోటి వైపు ఎందరో కువైట్‌లో పనిచేస్తున్నారు. సూది వేయించుకుని బండెక్కిన మనిషి ఆరో వారంలో, ఎనిమిదో వారంలో, అంటే ఒత్తిడి శిఖరాన ఉండే వేళకు, ఏ మిరప చేలోనో ఏ పరాయి దేశంలోనో ఉంటాడు. కన్ను నొప్పెట్టదు. చూపు బాగుందనే అనుకుంటాడు.

దీనికి తోడు మందుల షాపు చుక్కలు. ఎండలు, దుమ్ము ఎక్కువగా ఉండే ఈ ప్రాంతంలో కళ్లు దురదపెట్టి ఎర్రబడటం మామూలు. పిల్లల్లో వచ్చే వెర్నల్ అనే అలర్జీ వేడి, పొడి వాతావరణాల్లో ఎక్కువ. చీటీ లేకుండా కొని వేసే డెక్సామెథాసోన్, బీటామెథాసోన్ చుక్కలతో ఆ దురద రెండు రోజుల్లో తగ్గిపోతుంది. దాంతో ఆ సీసా ఇంట్లో నెలల తరబడి నిలుస్తుంది. స్టెరాయిడ్ చుక్కల వల్ల గ్లాకోమా వచ్చి, చూపు బాగా పోయిన వెర్నల్ పిల్లలను ఎల్.వి. ప్రసాద్ సంస్థ వైద్యులు తమ పరిశోధనల్లో నమోదు చేశారు. కంటిలో ఇంప్లాంటు ఉన్న మనిషి పైనుంచి ఇలాంటి చుక్కలు కూడా వేసుకుంటే రెండు మందుల బరువూ ఒకే కంటి మీద పడుతుంది. ఒత్తిడి పెరిగిన కారణం కనిపెట్టడమూ కష్టమవుతుంది.

1996 నుంచి 2000 వరకు సాగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలో హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మందిని పరీక్షించారు. అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా కర్నూలుకు నది అవతలి పొరుగు. గ్లాకోమా ఉన్నవారిలో అత్యధికులకు తమకు ఆ జబ్బుందని తెలియదని ఆ అధ్యయనం వెల్లడించింది. అంటే సూది వేయించుకునే రోగుల్లో కొందరికి అప్పటికే తెలియని గ్లాకోమా ఉండొచ్చు. సూదికి ముందు ఒత్తిడి కొలిచి, కంటి నరాన్ని చూసి, అంకెలు చీటీలో రాయడం అందుకే తప్పనిసరి.

ఒత్తిడి కొలవడం

మంచి కొలత గోల్డ్‌మాన్ టోనోమీటరుది. కంట్లో మత్తు చుక్క, పసుపుపచ్చ ఫ్లోరెసీన్ వేసి, రోగి గడ్డాన్ని స్లిట్‌ల్యాంపు మీద ఆన్చుతారు. నీలి వెలుతురులో చిన్న మొన నల్లగుడ్డును తాకుతుంది. వైద్యుడికి రెండు ఆకుపచ్చ అర్ధచంద్రాకారాలు కనిపిస్తాయి. చక్రం తిప్పుతూ ఆ రెండింటి లోపలి అంచులు సరిగ్గా ఒకదానికొకటి తాకినప్పుడు చక్రం మీది అంకె చదువుతారు. రెండు కళ్లకూ కలిపి నిమిషం పట్టదు. గాలి ఊదే యంత్రాలు, చేత్తో పట్టుకునే రీబౌండ్ టోనోమీటర్లు శిక్షణ పొందిన ఆప్టోమెట్రిస్టు చేతిలో బాగా పనిచేస్తాయి. రీబౌండ్ రకానికి మత్తు చుక్క కూడా అక్కర్లేదు. ఈ పనికి రెటీనా వైద్యుడే ఉండనవసరం లేదన్నది ఇక్కడ ఆశ కలిగించే సంగతి. ఆదోనిలోనో, ప్రొద్దుటూరులోనో, బెంగళూరులోనో ఏ కంటి వైద్యుడైనా, విజన్ సెంటరు ఆప్టోమెట్రిస్టయినా ఈ అంకె చెప్పగలరు. అంకె మామూలుగా ఉంటే ప్రయాణం మిగులుతుంది. ఎక్కువగా ఉంటే చికిత్స ఆ రోజే మొదలవుతుంది. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన కంటి వెలుగు కార్యక్రమాలు కంటి పరీక్ష ఊరి బడి దాకా రాగలదని చూపించాయి. ఒత్తిడి కొలతనూ అదే దారిలో మండలం దాకా తేవడం అసాధ్యం కాదు.

రోగులు, వైద్యులు పాటించాల్సినవి

సూదికి ముందు: ఇంట్లో నీటికాసులు ఎవరికైనా ఉన్నాయా, ఇదివరకు ఏ చుక్కలు ఎంతకాలం వాడారు, శుక్లం ఆపరేషన్‌లో ఇబ్బంది ఏమైనా జరిగిందా, క్షయ వచ్చిందా, ఉబ్బసం ఉందా అన్నవి రోగి చెప్పాలి, వైద్యుడు అడగాలి. ఇంట్లో ఉన్న చుక్కల సీసాలన్నీ సంచిలో వేసుకుని రావడం అన్నిటికన్నా సులువు.

సూది తర్వాత: వారంలోపు ఒకసారి, నాలుగో వారంలో, ఆరు–ఎనిమిది వారాల మధ్య, మూడో నెలలో ఒత్తిడి కొలిపించుకోవాలి. గ్లాకోమా ఉన్నవారికి ఇంకా దగ్గర దగ్గరగా అవసరం. రెండోసారి, మూడోసారి సూది వేసిన ప్రతిసారీ ఈ వరుస మళ్లీ మొదలవుతుంది. మొదటిసారి పెరగలేదు కదా అని రెండోసారి మానుకోకూడదు.

చీటీ: ఏ కంటికి, ఏ మందు, ఎంత మోతాదు, ఏ తేదీన వేశారు, సూదికి ముందు ఒత్తిడి ఎంత అన్న అయిదు సంగతులు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఇస్తే, కువైట్ ఆసుపత్రిలోనైనా గుంటూరు క్లినిక్‌లోనైనా వైద్యుడికి దారి దొరుకుతుంది. ఫోనులో ఆ చీటీ ఫొటో ఉంటే ఇంకా మంచిది.

ఎంపిక: పనుల కాలం, వలస, తోడు వచ్చే మనిషి, బస్సు ఖర్చు కూడా మందు ఎంపికలో లెక్కలోకి రావాలి. ఎనిమిదో వారంలో ఎక్కడ ఉంటారని రోగిని అడగకుండా స్టెరాయిడ్ వేయడం వైద్యం సగంలో ఆపడమే. ఒత్తిడి కొలిపించుకునే చోటు ముందే ఖాయం కాకపోతే వేరే మందు గురించి ఆలోచించాలి, లేదా సూదిని కోతలయ్యేదాకా వాయిదా వేయవచ్చా అని చూడాలి.

స్టెరాయిడ్‌ను చూసి భయపడి మానేయడం కూడా సరికాదు. యువైటిస్‌తోనో షుగరు వాపుతోనో మూసుకుపోతున్న చూపును ఇది నిలబెట్టగలదు. దీని దుష్ఫలితాల్లో అత్యధికం ముందే ఊహించగలిగినవి, కొలవగలిగినవి, సమయానికి పట్టుకుంటే సరిదిద్దగలిగినవి. సూది వేసే ఆసుపత్రి ఆ రోజే రోగి ఊరికి దగ్గరలో ఒత్తిడి కొలిచే కేంద్రం పేరు, వెళ్లాల్సిన తేదీలు చీటీ మీద రాసిచ్చి, ఎనిమిదో వారంలో ఫోను చేసి అంకె అడిగి తెలుసుకుంటే, కర్నూలు, కడప పల్లెల్లో ఈ చికిత్స వల్ల పోయే చూపులో చాలా భాగం పోకుండా ఆపవచ్చు.